వెళ్ళొస్తానన్న పిల్ల

నా చిన్నప్పుడు మా ఇంట్లో ‘పోతున్నా’ అన్న మాట ఎవరి నోటి నుంచీ రాకూడదు. పొలానికైనా, బడికైనా, పక్కింట్లో అడిగి తెచ్చుకున్న చేట తిరిగి ఇచ్చి రావడానికైనా సరే, గడప దాటేవాళ్ళు ‘వెళ్ళొస్తా’ అనాల్సిందే. ఎవరైనా మరిచిపోయి ‘పోతన్నా’ అన్నారో, మా నాయనమ్మ చేతిలో పని వదిలేసి వాకిట్లోకి వచ్చేది. ‘పోయేదేందిరా, పోయేది! వెళ్ళొస్తానని చావు’ అని అరిచేది. ఆ అరుపులోనే చావుందని మా చిన్నన్నయ్య నవ్వితే వాడి వీపు మీద రెండు పడేవి. ఈ పట్టింపు మా ఒక్క ఇంట్లోదే కాదు, తెలుగువాళ్ళ ఇళ్ళన్నింటిలోనూ ఉన్నదే. కాకపోతే ఆ మాట తెలియని మనిషి కూడా ఒకరు ఉంటారని మాకు ఎప్పుడూ తట్టలేదు.

మాది చిలకలూరిపేట. పెద్దరోడ్డు మీదే మా ఇల్లు. ఎదురుగా సోడా కొట్టు, దాని పక్కన పత్తి జిన్నింగు మిల్లు. మిల్లు ఆడే రోజుల్లో దూది ఎగిరి వచ్చి మా జడలకు అంటుకునేది. బడిలో పిల్లలు ‘ముసలమ్మ వచ్చిందిరోయ్’ అని ఏడిపించేవాళ్ళు. మా తాతయ్యకు ఊరి బయట మిరప తోట ఉండేది. కాయ ఎండాక బస్తాలు తెచ్చి మా దొడ్లో గుట్టగా పోసేవారు. ఆడకూలీలు వరసగా కూర్చుని, రంగు పోయి తెల్లబడ్డ తాలు కాయల్ని ఏరి పక్కన పెట్టేవాళ్ళు. ఆ పని జరిగినన్నాళ్ళూ మా ఇంట్లో తుమ్మని మనిషి ఉండేవాడు కాదు.

ఆ పిల్ల అలా కాయలు ఏరే రోజుల్లో వచ్చింది. నా ఈడుదే, ఎనిమిదో తొమ్మిదో ఉంటాయి. కూలీల మధ్య కూర్చుని బుద్ధిగా కాయలు ఏరుతుంటే, ఎవరో కూలీ మనిషి కూతురని మేమనుకున్నాం. కూలీలేమో మా చుట్టాలమ్మాయి కాబోలు, సరదాకి కూర్చుందని అనుకున్నారట. మధ్యాహ్నం అందరితోపాటు అన్నం పెడితే, కంచం చుట్టూ చెయ్యి అడ్డం పెట్టుకుని తినేది. రెండు మూడు రోజులయ్యాక గానీ ఎవరికీ అనుమానం రాలేదు. ‘ఇది ఎవరి పిల్లే?’ అని నాయనమ్మ అడిగితే కూలీలంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి ఒకామె, ‘బస్టాండులో పడుకునే పిల్లమ్మా, నేను చూశా’ అంది.

నాయనమ్మ ఆ పిల్లను దగ్గరికి పిలిచి పేరేమిటని అడిగింది. ‘మీ ఇష్టం’ అంది ఆ పిల్ల. పొగరుగా కాదు, నిజంగానే అలా చెప్పింది. టీ బంకు ఆయన ఒక పేరు పెట్టి పిలిచేవాడట, పండ్ల బండి ఆమె ఇంకో పేరు పెట్టి పిలిచేదట, కండక్టర్లు నోటికొచ్చింది పిలిచేవాళ్ళట. ‘నా ఇష్టమేందే, నేనేమన్నా కన్నానా నిన్ను!’ అని నాయనమ్మ కసిరింది. ఆ తర్వాత ‘పిల్లా’ అని పిలవడం మొదలుపెట్టింది. మాకూ అదే అలవాటైపోయింది. ఒక పేరు పెట్టి ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పుడు అనుకుంటే ఏం లాభం?

ఆ సాయంత్రం కూలీలు చీరలు దులుపుకుని ఒక్కొక్కరే ‘వెళ్ళొస్తామమ్మా’ అని చెప్పి బయలుదేరారు. ఆ పిల్ల కూడా లేచి, ‘పోతన్నా మామ్మా’ అంది. ఇంకేముంది, నాయనమ్మకు ఒళ్ళు మండింది.

‘ఏందే? పోతన్నావా? దీపం పెట్టే వేళ గడపలో నుంచోని అనే మాటేనా అది? వెళ్ళొస్తా అనాలి.’

ఆ పిల్ల తిట్లకు బెదరలేదు. తిట్లు దానికి కొత్తేమీ కాదు. మాట మాత్రం అర్థం కాలేదు. ‘యాడికి రావాల?’ అని అడిగింది.

‘యాడికేందే, ఇక్కడికే!’ అంది నాయనమ్మ విసుగ్గా, చేటలో మిగిలిన కాయలు గుట్టలోకి విదిలిస్తూ.

‘అట్టాగే. వెళ్ళొస్తా’ అని ఆ పిల్ల వెళ్ళిపోయింది. మేమూ ఆ సంగతి అప్పుడే మరిచిపోయాం.

మర్నాడు పొద్దున్నే మా అమ్మ వాకిట్లో కళ్ళాపి చల్లుతుంటే, ఆ పిల్ల వచ్చి ముగ్గు వేసే చోటికి కాస్త ఎడంగా నిలబడింది. చంకలో పాత చీరముక్కలో కట్టిన మూట ఉంది. కాయల పనికి ఇంకా చాలా పొద్దుంది, ఇంత పెందలాడే ఎందుకొచ్చావని మా అమ్మ అడిగింది. ‘పనికి కాదు. ఇక్కడికే రమ్మంది మామ్మ. వెళ్ళొస్తానన్నాగా, వచ్చా’ అంది ఆ పిల్ల. బస్టాండులో అందరికీ చెప్పేసి, తన సామానంతా సర్దుకుని వచ్చింది మరి. సామానంటే ఏముంది, ఒక గ్లాసు, పళ్ళు విరిగిన దువ్వెన, ఇంకో గౌను.

ఇల్లంతా గోలైపోయింది. రేపెవరైనా వచ్చి మా పిల్లను ఎత్తుకొచ్చారంటే ఏం చెప్తామని మా నాన్న. ఎవరి పిల్లో, ఏ కులమో, వంటింట్లోకి ఎలా రానిస్తామని మా అమ్మ. ఇవాళ ఒక్కదాన్ని రానిస్తే బస్టాండంతా మనింటికే వస్తుందని తాతయ్య. ఆ పిల్ల మాత్రం వాకిట్లోనే నిలబడి, మాట్లాడేవాళ్ళ మొహాలకేసి మార్చి మార్చి చూస్తోంది. నేను తలుపు వెనక నిలబడి చూస్తున్నాను. నాకు గుర్తుండి నాయనమ్మ అంతసేపు నోరు మూసుకుని కూర్చోవడం అదే మొదటిసారి.

చివరికి నాయనమ్మ అరుగు మీంచి లేచింది. ‘ఇక్కడికే అన్నా. నా నోటితోనే అన్నా. నేను ఊరికే అన్నానే పిచ్చిదానా, అది ఊరికే అనే మాటే, అందరం అట్టాగే అంటాం అని దాని మొహం మీద చెప్పమంటారా? నావల్ల కాదు. మీలో ఎవరన్నా చెప్పండి, వింటా’ అంది. మా నాన్న తల తిప్పుకున్నాడు. తాతయ్య గొంతు సవరించుకుని, కండువా దులిపి భుజాన వేసుకుని తోటకు బయలుదేరాడు. గడప దగ్గర ‘వెళ్ళొస్తా’ అని మాత్రం చెప్పి వెళ్ళాడు.

ఆ పొద్దున నాకేదో తెలిసింది. అప్పుడు దాన్ని మాటల్లో చెప్పగలిగేదాన్ని కాదు. మర్యాదకు మనం రోజూ ఎన్నో అంటాం. ఇంటికి రండి అంటాం, మనదే ఇల్లనుకోండి అంటాం. విన్నవాళ్ళు కూడా మర్యాదకే తల ఊపుతారు. ఒకరి మాట ఒకరు నమ్మం కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేదు. ఒక పిల్ల ఆ మాటను మొదటిసారి విని, అచ్చంగా దాని అర్థమే అర్థం అనుకుని, మూట కట్టుకుని వచ్చేసింది. తప్పు ఎవరిదంటే ఏం చెప్పగలం?

అలా మా ఇంట్లో ఉండిపోయింది. నా పాత గౌన్లు వేసుకునేది, నాయనమ్మ మంచం పక్కన చాప మీద పడుకునేది. మొదట్లో తలుపు వేసి ఉండే గదిలోకి రావడానికే భయపడేది. అన్నంలో సగం తీసి ఎక్కడో దాచేది, మర్నాటికి దానికి చీమలు పట్టి నాయనమ్మ కంటపడితే ఇంకో పురాణం. రోజూ సాయంత్రం వచ్చి, ‘ఇవాళ కూడా ఇక్కడేనా?’ అని అడిగేది. ‘ఇక్కడే, ఇక్కడే, బుర్ర తినకు’ అనేది నాయనమ్మ. వానాకాలం వచ్చేసరికి ఆ పిల్ల అలా అడగడం మానేసింది. అన్నం దాచడం కూడా మానేసింది. నాయనమ్మ ఆ సంగతి మా అమ్మతో ఎంత సంబరంగా చెప్పుకుందో నాకిప్పటికీ గుర్తే.

ఒకరోజు ఇద్దరం దొడ్లో ఆడుకుంటున్నాం. అప్పట్లో నేను డాక్టరునవుతానని ఊరంతా చెప్పుకు తిరిగేదాన్ని. ‘నువ్వు పెద్దయ్యాక ఏమవుతావే?’ అని ఆ పిల్లను అడిగాను. ‘పెద్దయ్యాక పెద్దదాన్నవుతా’ అంది. నేను పడీపడీ నవ్వి, ఇంట్లో అందరికీ చెప్పి నవ్వించాను. నాయనమ్మ ఒక్కతే నవ్వలేదు. ఆ పిల్లను ముందు కూర్చోబెట్టుకుని, తలకు నూనె రాస్తూ, ‘అవుతావులే తల్లీ, అవుతావు’ అంది.

ఆ మాటలో నవ్వడానికేమీ లేదని నాకు చాలా ఏళ్ళకు గానీ తెలియలేదు. ఆ పిల్లతోపాటు బస్టాండులో ఉండే పిల్లల్ని నేనూ చూశాను కదా. ఒకడు లారీ క్లీనరై, తర్వాత డ్రైవరై, పెళ్ళి చేసుకుని బాగానే బతికాడు. ఇంకొకడు ఇరవై ఏళ్ళకే సారా కొట్టు ముందు పడి ఉండేవాడు. ఒక చిన్నవాడు రోడ్డు దాటుతూ లారీ కింద పడ్డాడు. వాడి కోసం ఏడవడానికి ఎవరొస్తారని ఊరంతా అనుకున్నారే గానీ, ఎవరూ ఏడవలేదు. వీధిలో పెరిగిన పిల్లలకు పెద్దవడమే పెద్ద పని. మిగతావన్నీ ఆ తర్వాతే.

మా మేనత్తది ఒంగోలు. ఆమెకు కాన్పై, పసిబిడ్డను చూసుకోవడానికి చేతికింద ఒక ఆడపిల్ల కావాల్సి వచ్చింది. బిడ్డతో పుట్టింటి నుంచి వెళ్ళేటప్పుడు, ‘ఈ పిల్లను నాతో పంపమ్మా, ఉయ్యాల ఊపుతుంది. నాలుగు నెలలు పోయాక నేనే తీసుకొచ్చి దింపుతా’ అంది. నాయనమ్మకు ఇష్టం లేదు. కానీ కన్నకూతురు అడుగుతోంది, తాతయ్య కూడా పంపమన్నాడు. పైగా సొంత మనుషుల ఇల్లేనాయె. సరేనంది.

వెళ్ళే రోజు ఆ పిల్ల ఏడుస్తుందేమోనని నేను భయపడ్డాను. ఏడవలేదు సరికదా, ఉషారుగా నా గౌనొకటి అడిగి వేసుకుంది. గడప దాటుతూ నాయనమ్మ చెప్పకుండానే ‘వెళ్ళొస్తా మామ్మా’ అంది. ఆ మాట ఒకసారి అంది, ఇల్లు దొరికింది. రెండోసారి అంటే మాత్రం ఎందుకు దొరకదు? అంత నమ్మకంగా బస్సెక్కింది ఆ పిల్ల. నాయనమ్మ ‘వెళ్ళిరా తల్లీ’ అంది. అదే మేము ఆ పిల్లను చివరిసారి చూడటం.

నాలుగు నెలలు గడిచాయి. బిడ్డకు ఒంట్లో బాగుండటం లేదు, ఇంకొన్నాళ్ళు ఉంచుకుంటానని మేనత్త కబురు చేసింది. తర్వాత మాకు తోటలో పని. తర్వాత తాతయ్యకు కాలు నొప్పి. నాయనమ్మ అడిగినప్పుడల్లా ‘అక్కడ సుఖంగానే ఉంటుంది, తొందరేముంది?’ అని తాతయ్య అనేవాడు. అలా అలా ఏడాది దాటిపోయింది. ఒంగోలు ఏమంత దూరమని! బస్సెక్కితే మధ్యాహ్నానికి వెళ్ళి రావచ్చు. ఇంట్లో ఇంతమంది ఉండి ఒక్కరం వెళ్ళలేదు.

మేనత్త ఒకరోజు ఒక్కతే వచ్చింది. ఆ పిల్ల ఏదని నాయనమ్మ వాకిట్లోనే అడిగింది. మేనత్త చెప్పులు విప్పుకుంటూ, ‘అది వెళ్ళిపోయి చాన్నాళ్ళైందమ్మా. చెప్తే బాధపడతావని చెప్పలా’ అంది. పొద్దున లేచి చూస్తే లేదట. ఎక్కడని వెతుకుతాం, బస్టాండు పిల్ల బస్టాండుకే పోయి ఉంటుందని ఊరుకున్నారట. అంతకుముందు ఏం జరిగిందే అని నాయనమ్మ గుచ్చి గుచ్చి అడిగితే అసలు సంగతి బయటికొచ్చింది.

‘ఏం జరగలేదమ్మా. ఇంటికెప్పుడు, ఇంటికెప్పుడని ఒకటే నస. ఆరోజు బిడ్డ ఏడుస్తుంటే చిరాకేసి, నీకు ఇల్లెక్కడిదే అన్నా. అంతే. కొట్టలా, తిట్టలా.’

నాయనమ్మ లోపలికి వెళ్ళి చీర మార్చుకుని, ఎవరినీ తోడు రమ్మనకుండా ఒంగోలు బస్సెక్కింది. చదువు రాని మనిషి, ఒంటరిగా ఊరు దాటడం అదే మొదలు. అక్కడ బస్టాండులో, రైల్వే స్టేషన్లో, పొగాకు గొడౌన్ల దగ్గర కనిపించిన ప్రతివాళ్ళనీ అడిగిందట. ఏమని అడుగుతుంది? పేరు లేదు, ఫోటో లేదు. మా మనవరాలి ఈడు పిల్ల, దాని గౌనే వేసుకుందని చెప్పిందట. మా ఇంటికి రావాలనే బయలుదేరి ఉంటుంది ఆ పిల్ల, అందులో నాకు అనుమానం లేదు. ఏ బస్సెక్కిందో, ఎవరు దింపేశారో, ఎటు పోయిందో ఆ దేవుడికే తెలియాలి.

ఆ తర్వాత నాయనమ్మ తన కూతురితో చాలాకాలం మాట్లాడలేదు. అంతకన్నా ఎక్కువగా తనను తానే తిట్టుకునేది. ‘రమ్మన్నదాన్ని నేను, పంపినదాన్నీ నేనే. వెళ్ళి తెచ్చుకోవాల్సింది కూడా నేనే కదే’ అని నాతో ఎన్నిసార్లందో. నేను పెళ్ళై చీరాల వెళ్ళే ముందు కూడా అదే అంది. ఆ దిగులుతోనే పోయింది మా నాయనమ్మ.

తర్వాత అందరి కథే మా కథ కూడా. అన్నయ్యలు ఉద్యోగాలంటూ తలోవైపు వెళ్ళారు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు మా వైపు ఇళ్ళన్నీ కొట్టేశారు. మా అరుగు, దొడ్డి అన్నీ ఇప్పుడు తారు కింద ఉన్నాయి. రోడ్డుకు అటువైపు ఉన్న సోడా కొట్టు మాత్రం మిగిలింది. అప్పటి కొట్టాయన కొడుకు ఇప్పుడు కూల్ డ్రింకులు, చిప్సు ప్యాకెట్లు పెట్టుకుని నడుపుతున్నాడు. నాకంటే చిన్నవాడు, అక్కా అని పిలుస్తాడు.

ఈమధ్య నరసరావుపేటలో ఒక పెళ్ళికి వెళ్తూ, ఎండకు తాళలేక ఆ కొట్టు దగ్గర కారు ఆపించాను. అతను నిమ్మకాయ సోడా కలిపి ఇస్తూ, ‘పోయిన వేసవిలో మీ చెల్లెలొచ్చిందక్కా’ అన్నాడు.

‘నాకు చెల్లెలెక్కడిదయ్యా? నేనొక్కదాన్నే ఆడపిల్లని.’

‘అదేందక్కా, మరి ఆమెవరు?’ అని అతను తెల్లబోయాడు. నా ఈడు మనిషేనట, జుట్టు నెరిసిందట, శుభ్రంగా చీర కట్టుకుందట. పక్కన పెళ్ళైన కూతురుంది, ఇద్దరూ ఆటో దిగారు. రోడ్డు ఇవతల నుంచుని, అదిగో అక్కడ అరుగు, అక్కడ మామ్మ మంచం, అక్కడ మిరపకాయలు పోసేవాళ్ళం అని కూతురికి వేలు పెట్టి చూపించిందట. మామ్మ ఉందా అని అడిగితే, పోయి చాలా ఏళ్ళైందని ఇతను చెప్పాడు. ఆమె కొట్టు ముందు బల్ల మీద కూర్చుని కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చిందట. వెళ్ళేముందు కూతురితో, ‘మా ఇల్లు ఇక్కడే ఉండేది’ అందట.

నా చేతిలో సోడా అలాగే ఉండిపోయింది. పెద్దదైంది! ఆ పిల్ల పెద్దదైంది, కూతుర్ని కని దానికీ పెళ్ళి చేసింది. ఎలా బతికిందో, ఎవరు అన్నం పెట్టారో, ఎన్ని తిట్లు తిందో నాకు తెలియదు. బతికింది, అది చాలు. ఏ ఊళ్ళో ఉంటోంది, పేరేమిటి, ఫోను నంబరు తీసుకున్నావా అని అతన్ని ఊపిరాడకుండా అడిగాను.

‘అడగలేదక్కా’ అన్నాడు అతను బిక్కమొహంతో. ‘మీ ఇంటి ఆడపిల్లను పట్టుకుని నీదే ఊరమ్మా అని నేనడగడమేంది, బాగుంటదా? మీకు తెలియకుండా ఉంటదా అనుకున్నా.’

అతన్ని ఏమనగలను? మేం అనుకోవాల్సింది అతను అనుకున్నాడు. కారెక్కాక ఊరు దాటేదాకా ఏడుస్తూనే ఉన్నాను. పెళ్ళికి ఎర్రబడ్డ కళ్ళతోనే వెళ్ళాను. అక్కడ భోజనాల దగ్గర పక్కన కూర్చున్న పెద్దావిడ, అందరూ అడిగేదే, మీరెంతమంది తోబుట్టువులని అడిగింది. ఇద్దరన్నయ్యలు, ఇద్దరం ఆడపిల్లలం అని చెప్పాను. అప్పటి నుంచి ఎవరడిగినా అలాగే చెప్తున్నాను. మీ చెల్లెలు ఏ ఊళ్ళో ఉంటారని వాళ్ళు తర్వాత అడుగుతారు. తెలియదండీ అంటాను. ఏ ఆస్తి తగాదాలో అనుకుని వాళ్ళు మాట మార్చేస్తారు.